ఉప్పు నేల మీద ఎడమ మలుపు

ఇర్ఫాన్ కారును రోడ్డు పక్కకు తీసి ఆపి, "పెద్దమ్మా, ఇక్కడేనా?" అన్నాడు. అద్దం దించి చూశాను. ఆరు వరసల రోడ్డు, దాని అవతల ఫర్నిచర్ గోదాములు, వాటి వెనక ఒకే పోలికతో నిలబడిన పది పన్నెండు మేడలు. సముద్రం ఎటువైపు ఉందో కూడా తెలియడం లేదు. "ఇక్కడే కావచ్చు, కాకపోనూ వచ్చు" అన్నాను. ఇర్ఫాన్ మా చెల్లెలి కొడుకు, దుబాయ్‌లో కరామా అనే చోట ఉంటాడు. మా ఆయన మస్తాన్ పోయి రెండేళ్ళయింది కదా, ఒక నెల వచ్చి ఉండు అని టిక్కెట్టు పంపితే పోయిన చలికాలం వెళ్ళాను. ఎక్కడెక్కడ చూస్తావని అడిగితే, షార్జా బయట మీ పెద్దనాయన బండి తోలిన చోటు చూపించమన్నాను. వాడు టాక్సీ స్టాండనుకున్నాడు. రేసు బండి అని చెప్పేసరికి నావైపు తిరిగి, నాకు మతి సరిగానే ఉందా అన్నట్టు చూశాడు. మస్తాన్‌ను ఎరిగిన వాళ్ళెవరైనా అట్లాగే చూస్తారు.

నేను షార్జా వచ్చేటప్పటికి డెబ్బైలు సగం దాటాయి. నాకు ఇరవై ఏళ్ళు. ప్రొద్దుటూరులో మాది దూది ఏకే ఇల్లు. నాన్న విల్లు మీటి దూది ఏకుతుంటే అమ్మా నేనూ పరుపులూ బొంతలూ కుట్టేవాళ్ళం. పదో తరగతి దాకా చదివాను. బడికి నాన్న సైకిల్ మీదే పోయేదాన్ని, వచ్చేటప్పుడు వెనక దూది మూట ఉండేది. పెళ్ళయిన ఎనిమిది నెలలకు వీసా వచ్చింది. షార్జాలో రోలా బజారు వెనక సందులో రెండు గదుల మిద్దె ఇల్లు. మస్తాన్, నేను, ఆయన చిన్నాయన దస్తగిరి. నాకు చిన్నమామ. తల్లీతండ్రీ లేని మస్తాన్‌ను పెంచిందీ, తన వెంట షార్జాకు తెచ్చిందీ ఆయనే. ఇద్దరూ ఒకే వర్క్‌షాపులో పని. నూనె బావులు తవ్వే కంపెనీల లారీలూ పంపులూ అక్కడికి బాగుకు వచ్చేవి. చిన్నమామ లేత్ మిషన్ మీద, మస్తాన్ ఇంజన్ల దగ్గర.

ఆ ఇంట్లో మొదట నేర్చుకున్నది నీళ్ళ సంగతి. వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు పగలు ముట్టుకుంటే చెయ్యి కాలేది. అందుకని తెల్లవారకముందే బక్కెట్లు పట్టి గదిలో వరసగా పెట్టుకుని, అవి చల్లారాక మధ్యాహ్నం స్నానాలు చేసేవాళ్ళం. రెండోది చిన్నమామ చక్కెర డబ్బా. పని నుంచి రాగానే ఆయన అరచేతిలో కొంచెం వంటనూనె, గుప్పెడు చక్కెర పోసుకుని, గ్రీజు పోయేదాకా పావుగంట సేపు చేతులు రుద్దుకునేవాడు. ఆ డబ్బా వేరు. తెలియక మొదటి వారం ఆ చక్కెరతోనే టీ పెట్టాను. ఆయన సాసర్‌లో పోసుకుని ఒక గుక్క తాగి, "అమ్మా, దీంట్లో ఇంజన్ ఉండాది" అన్నాడు. అంతే, కప్పు ఖాళీ చేసి లేచాడు. ఊరి నుంచి వచ్చే పొట్లాలకు చుట్టిన తెలుగు పేపర్లను చదును చేసి, దిండు కింద పెట్టుకుని, నెలల తరబడి చదివేవాడు. ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ ఎప్పుడూ జేబులో ఉండేది. దాని మొన మిషన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. మా ఫ్రిజ్జును అట్లా విన్నాడు. నా కుట్టుమిషన్‌ను విని, "ఎడమపక్క బేరింగు ఏడుస్తాంది" అన్నాడు. విప్పి చూస్తే నిజమే.

చలికాలం మొదలయ్యాక శుక్రవారాలు నాకు అనుమానం పట్టుకుంది. నమాజు అయి, అన్నాలు తినగానే ఇద్దరూ ఎటో పోయి, పొద్దు వాలేటప్పటికి వచ్చేవాళ్ళు. వెంట్రుకల నిండా తెల్లటి దుమ్ము. బట్టల నిండా ఆముదం వాసన. ఆముదం! నాకు ప్రాణమంత ఇష్టమైన వాసన అది. మా నాయనమ్మ తల, ఆమె పడుకునే బొంత, ఆమె గది గూట్లో దీపం, అన్నీ అదే వాసన. షార్జాలో, ఇద్దరు మెకానిక్కుల చొక్కాల మీద అది ఎట్లా వచ్చిందో అర్థం కాలేదు. అడిగితే మస్తాన్ "వర్క్‌షాపులో ఏదో నూనె" అని తల దించుకున్నాడు. ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు. బల్లిని చూస్తే గది బయట నిలబడే మనిషి, సూది వేయించుకోవాలంటే నా చెయ్యి పట్టుకునే మనిషి, బల్బు మార్చడానికి స్టూలెక్కితే కింద పట్టుకొమ్మని పదిసార్లు చెప్పే మనిషి.

ఒకరోజు మంచం కింద ఊడుస్తుంటే చీపురుకు ఏదో తగిలి ఖంగుమంది. లాగి చూస్తే ఒక బూటు, ఎడమ కాలిది. దాని అడుగంతా ఇనుము. ముందువైపు కొద్దిగా పైకి వంగి, అడుగు అద్దంలా మెరుస్తోంది, నా ముఖం కనిపించేంత నునుపు. కుడికాలి జోడు ఎంత వెతికినా లేదు. సాయంత్రం ఇద్దరూ రాగానే దాన్ని గది మధ్యలో పెట్టి, "ఎద్దులకు లాడాలు కొట్టేది చూసినాను గానీ మనిషికి కొట్టేది ఇదే చూడ్డం. ఎవరికి మామా ఇది?" అన్నాను.

చిన్నమామ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మీ ఆయనకే అమ్మా. పాడైన కారు బంపర్ కోసి నేనే చేసినా. ఒక్క ఎడమకాలికే."

"కాలికేమైంది?"

"ఏం కాలేదు. కాకూడదనే" అన్నాడు మస్తాన్. తల ఎత్తలేదు.

అప్పుడు చెప్పారు. వర్క్‌షాపుకు వచ్చే అమెరికా డ్రిల్లర్ ఒకడు, పేరు డేల్, వాళ్ళ ఊళ్ళలో తిరునాళ్ళకు గుర్రాలు పరిగెత్తే మట్టిబాటల మీద మోటారుసైకిళ్ళు తోలి పెరిగినవాడు. ఆ ఆటను వాళ్ళు ఫ్లాట్ ట్రాక్ అంటారట. చదునైన మట్టి నేల మీద గుడ్డు ఆకారంలో బాట, ఎప్పుడూ ఎడమకే తిరగాలి, ముందు బ్రేకు ఉండదు. షార్జా బయట సముద్రం ఒడ్డున మైళ్ళకొద్దీ ఉప్పు తేలిన గట్టి నేల చూసి డేల్‌కు ప్రాణం లేచి వచ్చింది. దాన్ని ఇక్కడివాళ్ళు సబ్ఖా అంటారు. రంగు డ్రమ్ములు పెట్టి బాట గీశాడు. బండ్లు ఎక్కడివి? చిన్నమామ చేశాడు. పాడైన ఐదువందల సీసీ ఇంజన్లు, నీళ్ళ పైపులు కోసి అతికిన చట్రాలు. రేసు ఇంజన్లకు ఆముదమే మంచిదని డేల్ ఒక డబ్బా తెచ్చాడు. అది అయిపోయాక చిన్నమామ మందుల షాపుకు పోయి ఉన్న ఆముదం సీసాలన్నీ ఇమ్మన్నాడు. మలబారీ కాంపౌండర్ భయపడి, "ఇంట్లో ఎంతమందికి?" అని అడిగాడట.

నాకు నవ్వు రాలేదు. "ఎనిమిది నెలలు ఊళ్ళో కాచుకుని ఇక్కడికి వచ్చింది నాకు తెలియకుండా నువ్వు సచ్చేదానికా?" అన్నాను. చిన్నమామ చక్కెర డబ్బా మూత పెట్టి, "రేపు శుక్రవారం నువ్వూ రామ్మా. చూసినాక తిట్టు" అన్నాడు.

వెళ్ళాను. పికప్ వెనక బండ్లు, ముందు మేం ముగ్గురం. సబ్ఖా చేరేసరికి కళ్ళు చిట్లించుకోవాల్సి వచ్చింది. భూమీ ఆకాశమూ ఒకే తెలుపు. పెదవులు తడుపుకుంటే ఉప్పు. బాట మీద దుమ్ము లేవకుండా సముద్రపు నీళ్ళూ కాలిన ఇంజనాయిలూ చల్లి తొక్కించారు. అది మాత్రం నల్లగా, పలక మాదిరిగా ఉంది. చిన్నమామ దిగగానే ఎవరినీ పలకరించకుండా బాట చుట్టూ నడిచి, అక్కడక్కడ మడమతో పొడిచి చూసి వచ్చి, "అవతల మలుపులో ఇంకా తడి ఉండాది. బయటికి పోయి తిప్పు" అన్నాడు మస్తాన్‌తో. తెల్లవాళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు మడత కుర్చీల్లో ఉన్నారు. నేను పికప్ మీదికెక్కి కూర్చున్నాను. డేల్ అందరికంటే పొడుగు, నెత్తి నెరిసినవాడు, నల్లటి తోలు బట్టల్లో ఉన్నాడు. సైఫ్ అనే కుర్రవాడు ఇక్కడివాడే, వాళ్ళ నాన్నది చేపల పడవ, ఇక్కడివాళ్ళ పొడుగు అంగీ కందూరా విప్పి జీన్స్ వేసుకుని వచ్చాడు. మిగతావాళ్ళు లారీ డ్రైవర్లు, వెల్డర్లు. మస్తాన్ ఒంటిమీద పనికి వేసుకునే ప్యాంటూ నేను ఉతికిన నూలు చొక్కా.

జెండా ఊగింది. తొమ్మిది బండ్లు ఒక్కసారి అరిచాయి. ఆ అరుపు చెవులతో విన్నానో లేదో గుర్తులేదు, పికప్ రేకు మీద ఆనించిన నా చేతుల్లోకి వచ్చింది. అవి మొదటి మలుపుకు చేరాయి, మలుపు దగ్గర నెమ్మదిస్తాయని కాచుకుని ఉన్నాను. నెమ్మదించలేదు. మస్తాన్ బండి వెనక చక్రం బయటికి జారింది. పడ్డాడనుకుని లేచి నిలబడ్డాను. పడలేదు. బండి మొత్తం అడ్డం తిరిగి, ఎడమకు పోవాల్సిన బండికి ముందు చక్రం కుడికి తిరిగి, ఆయన ఎడమకాలు ముందుకు చాచి, ఆ ఇనుప అడుగు నేల మీద జారిస్తూ, దాని మీద తూగుతూ పోతున్నాడు. ఆయన ముఖం చూశాను. మా ఇంట్లో ఎప్పుడూ చూడని ముఖం అది. కోపం లేదు, భయం లేదు, బియ్యంలో రాళ్ళేరే మనిషి ముఖంలా ఉంది. అంత వేగంలో అంత నిదానం మనిషికి సాధ్యమని నాకు అంతకుముందు తెలియదు. గాలి తిరిగి ఆముదం పొగ నామీదికి వచ్చింది. నాయనమ్మ దీపం పొగలో నిలబడి, బల్లికి భయపడే నా మొగుడు చావు పక్కగా జారిపోవడం చూస్తున్నాను. ఎనిమిది చుట్లు. డేల్ మొదట, సైఫ్ రెండు, మస్తాన్ మూడు. ఆయన బండి నిలిపి నావైపు చూశాడు, తిట్లకు సిద్ధపడి. "చొక్కా చినిగింది" అన్నాను.

చొక్కా భుజం దగ్గర నిజంగానే చినిగింది. ఇంటికి వచ్చాక అదే ఆలోచన. డేల్‌కు తోలు ఉంది, వీళ్ళకు నూలు. మా సందు చివర కార్ల సీట్లు కుట్టే షాపు నుంచి రెక్సిన్ ముక్కలు తెప్పించుకున్నాను. మోకాళ్ళకూ తుంటికీ మోచేతులకూ దూది పట్టించి, నాన్న పరుపు కుట్టినట్టు గళ్ళు గళ్ళుగా దట్టంగా కుట్టాను. మందపు బట్ట నా మిషన్‌కు ఎక్కకపోతే చిన్నమామ దబ్బనం చేసి ఇచ్చాడు. మొదటిసారి దాన్ని వేసుకుని పోయిన రోజు అందరూ "పరుపు ఉస్తాద్" అని నవ్వారట. రెండు వారాల తర్వాత మస్తాన్ జారి ముప్పై అడుగులు ఈడ్చుకుపోయాడు. రెక్సిన్ అరిగి దూది బయటికి వచ్చింది, చర్మం మీద గీత పడలేదు. ఆ మరుసటి శుక్రవారం సైఫ్ రెక్సిన్ చుట్ట చంకలో పెట్టుకుని మా మెట్ల దగ్గర నిలబడి, "భాభీ, నాకు కూడా" అన్నాడు. ఆ చలికాలం ముగిసేసరికి డేల్ తప్ప అందరూ నేను కుట్టినవే వేసుకున్నారు.

రెండో చలికాలం వచ్చింది. ఆ రోజు కూడా నేను పికప్ మీదే ఉన్నాను. డేల్ ముందు, వెంటనే సైఫ్, సైఫ్ వెనక చక్రానికి మూర దూరంలో మస్తాన్. అవతలి మలుపులో సైఫ్ బండి ఒక్కసారి తుళ్ళి, వాణ్ణి గాల్లోకి ఎత్తి విసిరింది. వాడు మస్తాన్ ఎదుట పడ్డాడు. ముందు బ్రేకు లేదు. తప్పుకోవడానికి చోటు లేదు. మస్తాన్ తన బండిని కావాలనే పడుకోబెట్టేశాడు. బండీ మనిషీ కలిసి సైఫ్ తలకు జానెడు పక్కనుంచి జారిపోయి డ్రమ్ములకు కొట్టుకున్నారు. నేను ఎట్లా దిగానో, ఎట్లా పరిగెత్తానో తెలియదు. సైఫ్ లేచి నిలబడ్డాడు, చేతికి గీరుకుపోయింది అంతే. మస్తాన్ లేవలేదు. ఎడమకాలు, బూటు పైన, ఉండకూడని వైపు తిరిగి ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు ప్యాంటు కోశాడు. దూది కుట్టినచోటల్లా ఒళ్ళు శుభ్రంగా ఉంది. మోకాలి దూదికీ బూటుకూ మధ్య జానెడు జాగాలో రెండు ఎముకలూ విరిగాయి. ఆ జానెడు నేనెందుకు వదిలానని ఇప్పటికీ అనుకుంటాను. కట్టు కట్టాక మస్తాన్ చెయ్యి నా నెత్తిన పెట్టించుకున్నాను. "ఇంకెన్నడూ ఆ బండి ఎక్కనని చెప్పు" అన్నాను. "ఎక్కను" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. అదే వచ్చిన చిక్కు. కాలు అతుక్కుంది, కర్ర పట్టుకుని పనికి పోతున్నాడు, వస్తున్నాడు. శుక్రవారం నమాజు చేసి వచ్చి కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఒకసారి నేను రొట్టెలు చేస్తుంటే అప్పడాల కర్ర చేతిలోకి తీసుకుని, కుడి మణికట్టు మెల్లగా తిప్పుతున్నాడు, తిప్పుతున్నానని ఆయనకే తెలియదు. నేను చూడనట్టు కర్ర తీసుకున్నాను. నా ఎదుట ఉన్నది నేను పెళ్ళాడిన భయస్థుడే, బల్లులకు దూరంగా జరిగే మనిషే. కానీ బండి మీది ఆ రెండో మనిషి ఎటు పోయాడో గానీ, వాణ్ణి పంపేసింది నేనేనని తెలిసి అన్నం సయించేది కాదు. చిన్నమామ కూడా డీలాపడ్డాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టి నెల దాటింది.

సైఫ్ ప్రతి వారం చేపలు తెచ్చేవాడు. పైకి రాడు, మెట్ల మొదట్లో నిలబడి పిలిచేవాడు. ఒకరోజు వాడు తల వంచుకుని వచ్చీరాని హిందీలో చెప్పాడు. "భాభీ, ఆ రోజు తప్పు నాది. జారేటప్పుడు కుడిచేతి రేజు వదలొద్దని మస్తాన్ భాయ్ నాకు నూరుసార్లు చెప్పాడు. భయమేసింది, వదిలేశాను. వదిలితే పడతాం. ఖలాస్. నా భయానికి ఆయన కాలు విరిగింది."

నాకు అర్థం కాలేదు. భయమేస్తే వేగం తగ్గించుకుంటారు, తగ్గిస్తే పడడమేమిటి? పైకి వచ్చి చిన్నమామను అడిగాను. ఆయన సాసర్ కింద పెట్టి, చేతులతో ఏదో చూపించబోయి మానుకున్నాడు. "చెప్తే తెలిసేది కాదమ్మా అది. కూచుంటే తెలుస్తాది."

"అయితే కూచుంటా" అన్నాను.

మస్తాన్ కిటికీ దగ్గర నుంచి లేచాడు. "నీకేమన్నా పిచ్చా?"

"సైకిల్ మీద దూది మూట మోసినదాన్నే. నువ్వు సస్తావేమోనని రెండేండ్లు భయపడినా, దేనికి భయపడుతున్నానో నాకు తెల్లేదు. అదన్నా తెలుసుకోనీ."

ఆయన చిన్నమామ వైపు చూశాడు, ఆపుతాడని. చిన్నమామ అప్పటికే జేబులో స్క్రూడ్రైవర్ వెతుక్కుంటున్నాడు.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళాం, ఎవరూ రాకముందు. మస్తాన్, నేను, చిన్నమామ, సైఫ్. సైఫ్ తాను నేర్చుకున్న చిన్న బండి తెచ్చాడు. దాన్ని నాకు అప్పజెప్పి, నేను సర్దుకోవడం చూడకుండా పికప్ అవతలికి పోయి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. సల్వార్ మీద మస్తాన్ ప్యాంటు వేసుకున్నాను, కోసిన చోట మళ్ళీ నేనే కుట్టింది, ఈసారి ఆ జానెడు కూడా కలిపి. ఇనుప బూటు పెద్దదైతే లోపల దూది కుక్కాను. మస్తాన్ నా తలకు హెల్మెట్ తగిలించి, పట్టీ బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు. "మలుపులో జారుతాది. జారనీ. భయమేస్తే రేజు ఇంకా ఇయ్యి. వదలొద్దు. ఏమైనా వదలొద్దు" అన్నాడు. చిన్నమామ వెనకనుంచి తోశాడు. "యల్లా, అమ్మా!"

మొదటి చుట్టు సైకిల్ తొక్కినట్టే తోలాను. డ్రమ్ములు ఒక్కొక్కటీ దాటుతుంటే మస్తాన్ బాట లోపలి ఖాళీ నేల మీద నిలబడి, "ఇయ్యి! ఇయ్యి!" అని అరుస్తున్నాడు. రెండో చుట్టులో ఇచ్చాను. అవతలి మలుపులోకి పోయాను. వెనక చక్రం నా కింద నుంచి బయటికి జరిగింది. కాలు చాచాను. ఇనుప అడుగు నేలను తాకింది, పలక మీద బలపం జారినట్టు. బండి అడ్డం తిరిగింది. పడలేదు. ఎంతసేపు? రెండు ఊపిర్లు, మూడో. కింద నేల జారిపోతోంది, నేను మాత్రం ఎక్కడికీ పోవడం లేదనిపించింది. చప్పుడు వినపడలేదు. నన్ను నిలబెట్టింది నా కుడిచెయ్యి ఒక్కటే, అది ఇస్తున్నంతసేపూ నేను ఉన్నాను. ప్రతి శుక్రవారం ఆయన చేరుకునే చోటు ఇదా అనుకున్నాను. అనుకోగానే భయమేసింది. చెయ్యి దానంతటదే వదిలేసింది. చక్రం నేలను కరిచింది, బండి తుళ్ళింది, ఆకాశం కాళ్ళ కిందికి వచ్చింది.

వెల్లకిలా పడి ఉన్నాను. నోట్లో ఉప్పు. మస్తాన్ కర్ర పారేసి కుంటుకుంటూ పరిగెత్తుకొచ్చి పక్కన కూలబడ్డాడు. "యాడ తగిలింది? చెప్పు, యాడ?"

"వదిలేసినా" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. కళ్ళ నిండా నీళ్ళు, నవ్వుతున్నాడు. "అందరం వదిలేస్తామే మొదట" అన్నాడు.

అక్కడే, ఆ నేల మీదే, ఆయన చెయ్యి తీసి మళ్ళీ నా నెత్తిన పెట్టుకున్నాను, హెల్మెట్ మీద. "ఆసుపత్రిలో చెప్పించుకున్న మాట వాపసు తీసుకుంటాండా. వచ్చే శుక్రవారం నుంచి నువ్వు తోలు."

మస్తాన్ ఆ తర్వాత మూడు చలికాలాలు తోలాడు. డేల్‌ను ఒకే ఒక్కసారి దాటాడు. ఆ క్షణాన నేను కళ్ళు మూసుకుని ఉన్నాను, అది ఆయన చచ్చేదాకా ఎగతాళి చేశాడు. తర్వాత సబ్ఖా మీద సర్వే మేకులు పాతారు, కంకర లారీలు వచ్చాయి. డేల్ వేరే దేశం పోయాడు. చిన్నమామ చట్రాలు కోసి, పనికొచ్చే ఇంజన్లు వర్క్‌షాపుకిచ్చి, ప్రొద్దుటూరు పోయి అక్కడే కన్నుమూశాడు. మేం రాస్ అల్ ఖైమాలో క్వారీ పనికి మారాం, పిల్లలు పుట్టారు, చివరికి ఊరు చేరాం.

రోడ్డు పక్కన ఏమీ దొరకక తిరిగి వచ్చిన రెండు రోజులకు ఇర్ఫాన్ ఎవరినో కనుక్కుని, "పెద్దమ్మా, ఇప్పుడూ అది ఆడే చోటు ఒకటుంది" అని ఊరికి దూరంగా ఇసుక తిన్నెల మధ్యకు తీసుకుపోయాడు. చూసి నోరు తెరిచాను. ఎక్కడి నుంచో తెచ్చిన ఎర్రమట్టి, దువ్వినట్టు చదును చేసి ఉంది. తోలేవాళ్ళు మెకానిక్కులు కారు, చదువుకునే పిల్లలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, నేర్పడానికి మాస్టర్లు. మేం బండి ఎట్లా ఉందో చెవితో తెలుసుకునేవాళ్ళం, వీళ్ళు తోలి వచ్చి ఒక తెర మీద చూసుకుంటున్నారు, ఏ మలుపులో ఎంత వంగారో, ఎక్కడ తగ్గారో గీతలుగా. వేసుకున్న జాకెట్టు, పడితే దానంతటదే గాలి నింపుకుంటుందట. ఒకతను నా చేతికిస్తే వేళ్ళతో ఒత్తి చూశాను. దూదికంటే తేలిక. ఆ కుట్టు చూసి చాలాసేపు వదలలేదు, ఎవరు కుట్టారో గానీ ఒక జానెడు కూడా విడిచిపెట్టలేదు. అంబులెన్సు తలుపు తెరుచుకుని సిద్ధంగా ఉంది. పొగకు వాసనే లేదు. మేమెంత గుడ్డిగా పోయామో, ఎట్లా బతికామో అనిపించింది.

అప్పుడొక బండి మలుపులోకి వచ్చింది. వెనక చక్రం బయటికి జారింది, ముందు చక్రం కుడికి తిరిగింది, ఎడమకాలు చాచుకుంది, కాలికి ఇనుప అడుగు. నా కుడిచెయ్యి కంచె మీద బిగుసుకుంది. వదలొద్దు, వదలొద్దు అంటున్నానట, ఇర్ఫాన్ తర్వాత చెప్పాడు. వదల్లేదు. మలుపంతా అట్లాగే పోయి, నిటారుగా లేచి, దూసుకుపోయింది. ఆ బండి వచ్చి మా ముందు ఆగింది, తోలిన మనిషి హెల్మెట్ తీస్తే ఆడపిల్ల. ఇరవై ఉంటాయేమో, ఇక్కడి పిల్లే, చెమటతో జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. కంచె పట్టుకుని ఏడుస్తున్న ముసలిదాన్ని చూసి దగ్గరికి వచ్చింది. ఇర్ఫాన్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు, మా పెద్దనాయన తోలేవాడని కాబోలు. ఆ పిల్ల విని, ఆయన సంగతి అడగకుండా, నన్నే చూస్తూ ఏదో అంది.

"నువ్వెప్పుడైనా తోలావా అని అడుగుతోంది పెద్దమ్మా" అన్నాడు ఇర్ఫాన్ నవ్వుతూ, లేదని చెప్పడానికి అప్పటికే అటు తిరుగుతూ.

"తోలానని చెప్పు" అన్నాను. "ఒకటిన్నర చుట్టు."